గుఱి కుదురు తూటా: దాని తయారీలోని మర్మము

పైరును పాడుచేయు జంతువుల బాధ ఏ దేశపు కర్షకునకును తప్పినది కాదు. మన పొలములలో ఎలుకయు అడవిపందియు చేయు నష్టము వంటిదే అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు భాగమున వుడ్‌చక్ అను జంతువు వలన కలుగుచుండును. ఇది ఉడుత కుటుంబమునకు చేరినది. ప్రమాణమున పిల్లియంత యుండును. సోయాచిక్కుడును పశుగ్రాసమును తినుటయే గాక, నేలలో లోతైన బొరియలు త్రవ్వును. వానిలో పశువుల కాళ్లును, యంత్రముల చక్రములును దిగబడును. పడమటి మైదానములలో ప్రెయిరీ డాగ్ అను చిన్న జంతువు కలదు. ఇట్టివానిని అచ్చటివారు వార్మింట్లని పిలుతురు.

ఇవి మనుష్యుని అలికిడి వినినంతనే బొరియలో దూరును గాన, వానిని దూరము నుండియే కాల్చవలసియుండును. ఇందులకై సన్నని గుండును మిక్కిలి వేగముతో పంపు రైఫిళ్లు వెలువడినవి. 1935లో వచ్చిన .220 స్విఫ్ట్ తూటా 48 గ్రెయినుల గుండును సెకనుకు 4,110 అడుగుల వేగమున పంపునని ప్రసిద్ధి. 1950లో వచ్చిన .222 రెమింగ్టన్ తూటా వేగమునకంటె గుఱికే యెక్కువ పేరు పొందెను.

వేగ మొక్కటియే చాలదు. 100 గజముల యొద్ద అంగుళము వెడల్పున చెదరు గుండ్లు 300 గజముల యొద్ద మూడంగుళములకు తక్కువ గాక చెదరును. ప్రెయిరీ డాగ్ ఒడలి వెడల్పు దాదాపు అంతియే. గుఱి కొంచెము తప్పెనా, జంతువు గాయముతో బొరియ చేరి తీసుకొని తీసుకొని చచ్చును. కావున గుఱి నేర్పునకే గాక దయకును సంబంధించిన విషయము. అందుచేతనే అచ్చటి వేటగాండ్రు పలువురు తమ తూటాలను తామే కూర్చుకొందురు.

తూటాకు నాలుగంగములు: ఇత్తడి గొట్టము, దాని అడుగున నిప్పు పుట్టించు టోపీ, లోని మందు, మూతియందలి గుండు. కాల్చిన పిమ్మట గొట్టము చెడదు, మఱల వాడవచ్చును. ఒకే రైఫిలులో కాల్చిన గొట్టము ఆ రైఫిలు గదికి సరిగా అమరియుండును. గొట్టములను ఒకే పొడవునకు కత్తిరించి, మందును త్రాసున తూచి, గుండ్లను ఒకే లోతున కూర్చుటయే ఈ పనియందలి ముఖ్య విషయము. తూనికకు గ్రెయిను ప్రమాణము. 7,000 గ్రెయినులు ఒక పౌను. అనగా గ్రెయిను గురిగింజ యెత్తులో సుమారు సగము. ఇందులో పదియవ వంతు వఱకు త్రాసు చూపవలెను. మందు హెచ్చుతగ్గులైనచో వేగము మాఱును. వేగము మాఱినచో దూరమున గుండు మీదికో క్రిందికో పడును.

ఏ మందు ఎంత వేయవలెనో ఊహించి నిర్ణయింపరాదు. మందు చేయువారు పరీక్షించి ప్రకటించిన పట్టికలోని కనిష్ఠ పరిమాణముతో మొదలిడి, కొంచెము కొంచెముగా పెంచవలెను. టోపీ మిక్కిలి చదునగుట, రైఫిలు గడియ తెఱచుటకు బిగువగుట ఒత్తిడి మితిమీఱుటకు చిహ్నములు. కాని యివి కనబడకున్నను ఒత్తిడి మితిమీఱి యుండవచ్చును గాన పట్టికలోని గరిష్ఠమును దాటరాదు. చూపునకు ఒక్కటిగానుండు రెండు మందులు మిక్కిలి భిన్నముగా మండవచ్చును. ఒకదానికి బదులు మఱియొకటి వేసినచో రైఫిలు పగిలి, కాల్చువాని కన్నులు పోవచ్చును. ఎండలో కాగిన తూటాయందు ఒత్తిడి పెరుగునని కూడ తెలిసికొనవలెను.

ఇక పరీక్ష. రైఫిలును ఇసుకసంచులపై నానించి, గాలి లేని వేళ, గొట్టము చల్లారనిచ్చుచు కాల్చవలెను. ఒక్కసారికి ఒక్క అంశమునే మార్చవలెను. మందును గుండు లోతును ఒకేమాఱు మార్చినచో, ఫలము దేనివలన కలిగెనో తెలియదు. మూడు గుండ్లు దైవికముగా ఒక్కచోట పడినంతనే సంతసింపరాదు. ఒక్క దుబ్బును చూచి మడి దిగుబడిని లెక్కకట్టువాడు మోసపోవును గదా! పలుమాఱులు కాల్చి, ప్రతిసారియు పుస్తకమున వ్రాసికొని, పోల్చిచూచినప్పుడే నిజము తేలును.

మన చదువరులు ఒక విషయమును మఱువరాదు. లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము మన దేశమున నేరము. అడవిపంది మున్నగు జంతువులను చంపుటకును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును అనుసరించి అధికారుల అనుమతి కావలెను. కాన ఈ పని మనకు అనుసరణీయము కాదు. దాని పద్ధతి మాత్రము అనుసరణీయము. క్రొత్త విత్తనమునైనను, క్రొత్త యెరువునైనను పరీక్షించు రైతు తక్కిన వన్నియు సమముగా నుంచి, ఒక్కదానినే మార్చి, ఒక్క మడితో తృప్తిపడక, ఫలమును వ్రాసి యుంచుకొనెనేని, మఱుసటి యేట ఇరుగుపొరుగు మాటపై నాధారపడ నక్కఱ లేదు.