గోడ మీది ఈగపులి

గత వర్షాకాలంలో ఒక పెళ్ళికని గోదావరిఖని వెళ్ళి, బొగ్గుగని క్వార్టర్లలో మాకు తెలిసిన ఒక కుటుంబం ఇంట రెండు రోజులున్నాము. ఇంటి పెద్దాయన ముప్పై ఏళ్ళు భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యారు. మేము వెళ్ళేసరికి ఆయన చొక్కా లేకుండా మంచం మీద ఒక పక్కకు ఒరిగి పడుకొని ఉన్నారు. కుడి డొక్క మీద, వెన్ను నుండి ముందుకు, పట్టీ వేసినట్టు ఎర్రని పొక్కులు. వాటి మీద ఏదో ఆకుపసరు పూసి ఉంది.

"సాలెపురుగు పాకింది బిడ్డా. నాలుగొద్దులాయె. పసరు పెడుతున్నం, తగ్గుతది" అన్నది ఆయన భార్య.

ఆమె అంతటితో ఊరుకోలేదు. చీపురు పట్టి మూలమూలా దులిపి ఇంట్లో సాలెపురుగన్నది లేకుండా చేసింది. ఒక్కటి మాత్రం తప్పించుకుంది. పదేళ్ళ మనవడు దాన్ని హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతకు చిల్లులు పొడిచి, మంచం కింద దాచాడు. నానమ్మ వంటింట్లోకి వెళ్ళగానే దాన్ని తెచ్చి మా ముందు పెట్టాడు.

"గిదేనా తాత మీద పాకింది?"

సీసాలోనిది వేలిగోరు కంటే పెద్దది కాదు. నల్లని ఒళ్ళు, ముందునుండి వెనక కొస దాకా నడిమధ్య తెల్లని చార. ముఖాన రెండు పెద్ద కళ్ళు, లారీ దీపాల్లాగ. సీసాను ఎటు తిప్పినా అది గిర్రున తిరిగి మావైపే చూస్తోంది. మన ఇళ్ళలో గూడు కట్టకుండా గోడల మీద తిరుగుతూ, ఈగ వాలగానే ఒక్క దూకు దూకి పట్టుకునే పురుగు ఇదే. పాత తెలుగులో దీనికి ఈగపులి అని చక్కని పేరుంది. ఆ పేరు వాడుకలోనుండి జారిపోయి, ఇప్పుడు అన్నిటినీ కలిపి సాలెపురుగు అనే అంటున్నాము. ఆ ఇంట్లో జరిగిన పొరపాటంతా అక్కడే మొదలైంది.

మరునాడు ఉదయం పెద్దాయనను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. డాక్టరు చూసిన వెంటనే ఇది సర్పి అన్నారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారి ఒంట్లో ఆ వ్యాధి క్రిమి పూర్తిగా పోదు. నరాల మొదట్లో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వయసు పైబడినప్పుడో, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడో లేచి, ఆ నరం పోయే దారి పొడుగునా పొక్కులై తేలుతుంది. అందుకే అది శరీరానికి ఒక పక్కనే, పట్టీలాగ వస్తుంది. దీనికి మాత్రలున్నాయి. పొక్కులు కనబడిన 72 గంటలలోపు మొదలుపెడితే అవి బాగా పనిచేస్తాయి. కంటి దగ్గర వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. పెద్దాయన విషయంలో ఆ గంటలు పసరులోనే గడిచిపోయాయి.

సాలెపురుగు మీద పడే నిందలో ఇంకొక దొంగకు కూడా వాటా ఉంది. వానాకాలం రాత్రులు ట్యూబులైటు చుట్టూ చేరే పురుగులలో, చీమలాగ సన్నగా, నలుపు నారింజ రంగు పట్టీలతో ఉండేదొకటి కనిపిస్తుంది. అది కుట్టదు, కరవదు. కాని మెడ మీద వాలినప్పుడు చేత్తో నలిపితే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. మంట వెంటనే రాదు, మరునాటికి తేలుతుంది. పొద్దున లేచి చూసుకుంటే చార చారగా బొబ్బలు. పక్కన పైకప్పు మూలలో సాలీడు కనబడుతుంది, నేరం దాని నెత్తిన పడుతుంది. ఆ పురుగు వాలితే నలపకుండా ఊది పంపి, ఆ చోటును సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఇక సీసాలోని దాని సంగతి. దాని నోట విషం ఉన్నమాట నిజమే, ఈగను చంపడానికి. మనిషిని కరవడం అరుదు, కరిచినా కాసేపు చురుక్కుమంటుంది, అంతే. 2002 ప్రాంతంలో అమెరికాలో ఒక ఈమెయిలు ఊరూరా తిరిగింది. మరుగుదొడ్డి సీటు కింద దాగిన ఒక సాలీడు కరిచి మనుషులు చనిపోతున్నారని అందులో రాశారు. వాళ్ళు పేరు పెట్టి చెప్పినది టెలమోనియా డిమిడియాటా. మన దేశపు పచ్చని పొదలలో బతికే గెంతే సాలీడది. వార్త పూర్తిగా అబద్ధం. ఎవరో పుస్తకంలో ఒక పేరు వెతికి, ఏ పాపమూ ఎరుగని జీవికి అంటగట్టారు.

శాస్త్రజ్ఞులు ఈ గెంతే సాలీళ్ళ కుటుంబాన్ని సాల్టిసిడే అంటారు. లాటిన్ భాషలో గెంతడం అనే మాట నుండి వచ్చిన పేరు. ప్రపంచపు సాలీళ్ళన్నిటిలో ఇదే అతి పెద్ద కుటుంబం. పేర్లు పెట్టిన జాతులే ఆరు వేలకు పైగా ఉన్నాయి, అంటే ప్రతి ఎనిమిది సాలీడు జాతులలో దాదాపు ఒకటి. స్విట్జర్లాండులోని బెర్న్ నగరపు మ్యూజియంలో ప్రపంచ సాలీళ్ళ జాబితాను నడుపుతారు. 2022 ఏప్రిల్‌లో ఆ జాబితాలో 50,000వ జాతి చేరింది. అదీ దక్షిణ బ్రెజిల్ వైపు పొదలలో దొరికిన గెంతే సాలీడే.

ఇన్నిటిని ఎలా విడదీస్తారు? రంగు చూసి కాదు. ఒకే జాతిలో మగదానికీ ఆడదానికీ పోలికే ఉండదు. మా సీసాలోనిది మగది. దాని ఆడది నలుపు కాదు, బూడిద కలిసిన గోధుమరంగు. ఇలాంటి జంటలను రెండు వేర్వేరు జాతులని రాసి తరువాత దిద్దుకున్న సందర్భాలు ఈ శాస్త్రంలో చాలా ఉన్నాయి. జాతిని ఖాయం చేయాలంటే సూక్ష్మదర్శిని కింద మగదాని ముఖం పక్కనుండే చిన్న చేతుల కొసలను, ఆడదాని పొట్ట అడుగున ఉండే జననాంగాన్ని చూడాలి. తాళానికి తాళంచెవిలాగ ప్రతి జాతికీ అవి వేరుగా ఉంటాయి.

జాతులను ఏ వరుసలో పేర్చాలన్నది ఇంకా చిక్కు ప్రశ్న. ఫ్రాన్స్ దేశస్థుడు యూజీన్ సైమన్ 1901-1903 మధ్య ఈ కుటుంబాన్ని దవడ మీది పళ్ళను బట్టి మూడు వర్గాలు చేశాడు. ఒంటి పన్నువి, చీలిన పన్నువి, పలు పళ్ళవి. సులువైన పద్ధతి కనుక చాలాకాలం నడిచింది. తరువాత డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చాయి. కెనడాకు చెందిన వేన్ మాడిసన్ వాటి ఆధారంగా 2015లో మొత్తం కుటుంబానికి కొత్త వంశవృక్షం ప్రచురించాడు. పళ్ళు ఒకేలా ఉన్నవన్నీ అన్నదమ్ములు కావని తేలింది. దానికంటే మమ్మల్ని ఆశ్చర్యపరచినది, వంశం ఖండాలను బట్టి విడిపోయి ఉండడం. అమెరికా ఖండాలలో ఎక్కువగా ఒక శాఖల గుంపు, ఆస్ట్రేలియా వైపు ఇంకొకటి, మన ఆసియా ఆఫ్రికాలలో వేరొకటి. చూపుకు కవలల్లా ఉన్నవి వంశంలో ఎంతో దూరపువి కావచ్చు. ఎక్కడ పుట్టినవి అక్కడే రకరకాల వేషాలు వేసుకున్నాయన్నమాట.

వేషాలంటే మాటవరసకు కాదు. మామిడి చెట్ల మీద ఆకులను కలిపి కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలు అందరికీ తెలుసు. వాటి మధ్య జాగ్రత్తగా చూస్తే ఒకటి రెండు చీమలు ఆరు కాళ్ళతోనే నడుస్తున్నా, ముందరి రెండు కాళ్ళు మీసాల్లాగ గాలిలో ఆడిస్తూ కనబడవచ్చు. అవి చీమలు కావు. మిర్మప్లాటా ప్లాటలియోయిడిస్ అనే గెంతే సాలీడు. కుట్టే చీమ జోలికి పక్షులూ ఇతర పురుగులూ రావు కనుక ఆ రూపం దానికి కవచం. బెదిరిస్తే మాత్రం దారం వదిలి కిందికి జారిపోతుంది. చీమ అలా చేయదు, అక్కడ దాని గుట్టు రట్టవుతుంది.

అమెరికాలోని మిల్వాకీ పట్టణంలో జార్జి, ఎలిజబెత్ పెక్‌హామ్ అనే ఉపాధ్యాయ దంపతులుండేవారు. ఇద్దరూ కలిసి జీవితమంతా ఈ సాలీళ్ళను పరిశీలించారు. 1896లో వారు మధ్య అమెరికా జాతి ఒకదానికి బఘీరా కిప్లింగీ అని పేరు పెట్టారు. మన అడవుల కథ 'జంగిల్ బుక్'లోని నల్లచిరుత పేరది. మనవాళ్ళు పులి అన్నారు, వాళ్ళు చిరుత అన్నారు! తీరా 2009లో పరిశోధకులు తేల్చినదేమిటంటే, ఆ చిరుత దాదాపు శాకాహారి. తుమ్మజాతి చెట్టు ఆకుల కొసలనుండే మెత్తని మొటిమలను తిని బతుకుతుంది.

పేర్ల మాట వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. సామెతలు 30వ అధ్యాయం 28వ వచనంలో రాజగృహాలలో ఉండే చిన్న ప్రాణిని మన తెలుగు బైబిలు బల్లి అంటుంది, పాత ఇంగ్లీషు బైబిలు సాలీడు అంటుంది. తరువాతి ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు బల్లి వైపే వచ్చాయి. తర్జుమా చేసిన పండితులకే అంత తికమక పడితే, క్వార్టర్లలోని నానమ్మను తప్పు పట్టడమెందుకు?

మళ్ళీ సీసా దగ్గరకు వద్దాము. అందులోనిది ప్లెక్సిప్పస్ పేకుల్లీ అని మా అంచనా. 1826లో విక్టర్ ఔడోవాన్ అనే ఫ్రెంచివాడు దీన్ని వర్ణించాడు. నెపోలియన్ దండయాత్ర వెంట ఈజిప్టు వెళ్ళిన సావిన్యీ గీయించిన చిత్రాలకు వివరణగా రాసినదది. సావిన్యీకి చూపు పోవడంతో ఆ పని ఇంకొకరి చేతికి వచ్చింది. దీని పుట్టిల్లు ఆఫ్రికా అని జాబితాలు చెబుతున్నాయి. ఓడలలో, సరుకుల మూటలలో మనిషి వెంటే ప్రయాణించి ఇప్పుడు ఉష్ణదేశాలన్నిటా గోడలెక్కింది. బూడిదరంగు చపిడి ఒంటితో గోడకు అంటుకుపోయే మెనెమెరస్ బైవిట్టాటస్ కథ కూడా ఇలాంటిదే. బొగ్గు పని కోసం ఎక్కడెక్కడినుండో వచ్చినవారితో నిండిన ఊరు గోదావరిఖని. ఆ ఇళ్ళ గోడ మీది పురుగు కూడా వలస వచ్చినదే.

ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన మంచం మీదినుండి, "అడవిల ఉన్నయి గూడ గివేనా?" అని అడిగారు. ఆయన ప్రశ్న మమ్మల్ని కాసేపు ఆపింది. కావు. దేశమంతా తిరిగేవి కొన్నే. మిగిలినవి ఒక్కొక్క చోటికే కట్టుబడి ఉంటాయి. 1924లో ఎవరెస్టు యాత్రకు వెళ్ళిన డాక్టరు హింగ్‌స్టన్‌కు 22,000 అడుగుల ఎత్తున ఒక చిన్న గెంతే సాలీడు దొరికింది. 1975లో దానికి అందరికంటే పైనుండేది అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. గాలికి కొట్టుకొచ్చే చిన్న పురుగులతో బతికే ఆ జీవిని తెచ్చి గోదావరిఖని ఎండలో ఉంచితే ఏమవుతుంది?

ఇంత దూరం ఎందుకు, మన గుత్తి ఉంది. అది గెంతే సాలీడు కాదు, చెట్టుతొర్రలలో ఉండే అరచేతంత నీలి సాలీడు. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్కదాన్ని చూసి పోకాక్ అనే ఆంగ్లేయుడు 1899లో పేరు పెట్టాడు. ఆ తరువాత వందేళ్ళు అది ఎవరికీ కనబడలేదు. 2001లో గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. దుంగలతో పాటు రైలెక్కి గుత్తిలో దిగిందన్నమాట! వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ అడవి ముక్క తప్ప దానికి ఇంకో ఇల్లు అప్పట్లో కనబడలేదు. అది అంతరించే అంచున ఉందని 2008లో ప్రకటించారు. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు.

దుంగలు అనగానే పెద్దాయన లేచి కూర్చున్నారు. వారి రోజులలో గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవారు. టింబర్‌మెన్ అని ప్రత్యేకం ఉద్యోగమే ఉండేది. "లారీలల్ల దుంగలు దించుతుంటె ఎన్ని తీర్ల పురుగులు దుంకేటియో" అన్నారు. ఆ దుంగలు వచ్చిన అడవులలో కొన్ని ఇప్పుడు లేవు. ఓపెన్‌కాస్టు తవ్వకానికి చెట్టుతో పాటు పైమట్టి కూడా లేస్తుంది. ఆ మట్టి గుట్టలమీద తిరిగి మొక్కలు నాటుతారు, పచ్చగా కనబడతాయి. గోడ మీది వలస సాలీళ్ళు అక్కడికీ చేరుతాయి. పాత చెట్టు బెరడు కిందనే బతికేది మాత్రం చేరదు. గోడమీద పురుగు కనబడింది కదా అంతా బాగానే ఉందనుకోవడానికి వీలు లేదు. కనబడే పురుగే ఎక్కడైనా బతికేది.

వెళ్ళే రోజు ఉదయం పిల్లవాడు సీసా మూత తీసి కిటికీ చట్రానికి ఆనించాడు. ఈగపులి అంచుమీద నిలబడి ముందుకు చూసింది, వెనక ఒక దారపు కొసను చట్రానికి అంటించింది, దూకింది. నానమ్మ చీపురు పట్టుకొని చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు.

పెద్దాయన పొక్కులు మానినా డొక్కలో నొప్పి సంక్రాంతి దాకా పోలేదు. ఆయన క్షేమం అడుగుదామని ఫోను చేసినప్పుడు పిల్లవాడే ఎత్తాడు. కిటికీ దగ్గర ఇప్పుడు ఇంకో రకం పురుగు తిరుగుతోందట, బూడిదరంగులో, కొంచెం పెద్దదట. అది ఇంకో రకం కాకపోవచ్చు, దాని జంట కావచ్చునని, ఒక ఫొటో తీసి పంపమని చెప్పాము. పంపాడు. ఫొటోలో గోడా, నానమ్మ చీపురు కొసా మాత్రం బాగా కనబడుతున్నాయి.