లైటు వెలిగితే సెన్సార్ పోయినట్టేనా?

2020 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బైకో స్కూటరో మీ ఇంట్లో ఉంటే, అందులో పాతకాలపు కార్బొరేటర్ ఉండే అవకాశం తక్కువ. ఆ రోజు నుంచి దేశమంతా బీఎస్-6 (వాహనాల పొగకు కేంద్రం పెట్టిన హద్దులు) అమల్లోకి వచ్చింది. ఆ హద్దులకు లోబడాలంటే పెట్రోలును చుక్క లెక్కన కొలిచి పోయాలి. అందుకే కంపెనీలు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు (కంప్యూటర్ లెక్కగట్టి పెట్రోలు చిమ్మే పద్ధతి) మారాయి. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. హీరో హోండా 2006లోనే గ్లామర్ ఎఫ్‌ఐ తెచ్చింది. కానీ పాలవాళ్ల స్కూటరు దాకా, కైకలూరు రొయ్యల చెరువు గట్టు మీది బైకు దాకా చేరింది మాత్రం 2020 తర్వాతే.

ఆ మొదటి బళ్ల వారంటీ ఇప్పుడు తీరిపోతోంది. అవి షోరూము వదిలి వీధి చివరి మెకానిక్ దగ్గరికి వస్తున్నాయి. దానికి తోడు 2024 సెప్టెంబరు వరదొకటి. బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగిన బళ్లను చాలామంది కడిగించి, ఆయిల్ మార్పించి మళ్లీ రోడ్డెక్కించారు. తడి ఆరిపోతుంది. కప్లర్లలో (వైర్లను జతచేసే ప్లాస్టిక్ అతుకులు) చేరిన బురద ఆరదు, లోపలి పిన్నులకు నిదానంగా చిలుము పట్టిస్తుంది. ఆటోనగర్‌లో అయినా, అవనిగడ్డలో అయినా 'సెన్సార్ పోయింది' అనే మాట తరచుగా వినబడటానికి ఈ రెండూ కారణాలే.

ఆ సెన్సార్లలో ఒకటి థ్రాటిల్ పొజిషన్ సెన్సార్. మీరు ఎక్స్‌లేటర్ తిప్పినప్పుడు ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఒక రేకు తెరుచుకుంటుంది. అది ఎంత తెరుచుకుందో ఈసీయూకి (బండిలోని చిన్న కంప్యూటర్) చెప్పడమే ఈ సెన్సార్ పని.  

లోపల ఉన్నది పాత రేడియోకి ఉండే వాల్యూమ్ గుండీ లాంటి ఏర్పాటే. ఒక కార్బన్ పట్టీ, దాని మీద జారే చిన్న లోహపు వేలు. పట్టీకి ఒక కొస నుంచి ఈసీయూ 5 వోల్టులు ఇస్తుంది, రెండో కొస ఎర్త్. వేలు ఎక్కడుంటే అక్కడి వోల్టేజీ మూడో వైరులో వెనక్కి వెళ్తుంది. రేకు మూసి ఉంటే సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే 4 వోల్టుల పైచిలుకు. మోడల్‌ను బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి.

పట్టీ అన్నిచోట్లా సమానంగా అరగదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఎక్స్‌లేటర్‌ను కొద్దిగా మాత్రమే తిప్పి పట్టుకుంటాం. కరకట్ట రోడ్డు మీద గంటసేపు ఒకే వేగంతో పోతాం. వేలు ఎక్కువగా ఆడే ఆ కొద్దిపాటి మేరలోనే కార్బన్ అరిగిపోతుంది. అక్కడికి రాగానే వోల్టేజీ ఒక్కసారి పడిపోయి మళ్లీ లేస్తుంది. మీరు చెయ్యి వదిలేశారనుకుని ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది, మరుక్షణం మళ్లీ పెంచుతుంది. సీటు మీద కూర్చున్నవాళ్లకు అది జర్కుగా తెలుస్తుంది. గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది: ఏ గేరులో ఉన్నా, ఏ వేగంలో ఉన్నా, ఎక్స్‌లేటర్ అదే మేరకు రాగానే జర్కు వస్తుంది. పెట్రోల్లో నీళ్లు కలిసినా, పంపు బలహీనపడినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా కూడా బండి కొట్టుకుంటుంది. కానీ అది ఇలా ఒకే చోటుకు కట్టుబడి ఉండదు.

ఇక లైటు సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. వచ్చే వోల్టేజీ ఉండాల్సిన హద్దులు దాటినప్పుడే ఈసీయూ సాధారణంగా ఇంజన్ లైటు వెలిగిస్తుంది. మరీ తగ్గితే స్కానర్‌లో (ఈసీయూ గుర్తించిన లోపాలను చదివే సాధనం) పి0122, మరీ పెరిగితే పి0123 అనే కోడ్ వస్తుంది. హోండా బళ్లు చాలావాటిలో లైటు ఎనిమిదిసార్లు మిణుకుమంటే ఈ సెన్సార్ దారిలో లోపమని అర్థం. 'దారిలో' అన్న మాట గమనించండి. వైరు తెగినా, కప్లర్‌లో పిన్ను వెనక్కి జారినా, ఎలుక కొరికినా కోడ్ అదే. అంటే సెన్సార్ నిక్షేపంగా ఉండి కూడా లైటు వెలగొచ్చు. పట్టీ మధ్యలో అరిగిన సెన్సార్ మాత్రం హద్దులు దాటకుండానే తప్పుడు లెక్క చెబుతుంది. బండి జర్కులిస్తున్నా లైటు మౌనంగానే ఉంటుంది. కోడ్ చూడగానే సెన్సార్ మార్చేయడం, కోడ్ లేదు కాబట్టి సెన్సార్ బాగుందనడం, రెండూ తొందరపాటే.

పరీక్షకు మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే సాధనం) చాలు. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచాలి. కప్లర్ ఊడదీయకుండా, దాని వెనక వైపు నుంచి సన్నని పిన్ను దూర్చి కొలవాలి. వైరు తొడుగుకు కన్నం పెట్టకూడదు, ఆ కన్నంలోంచే రేపు నీళ్లు దిగుతాయి. ముందు 5 వోల్టులు వస్తున్నాయా చూడాలి. రాకపోతే సెన్సార్‌ను అనడానికి లేదు. అదే 5 వోల్టుల మీద నడిచే ఇంకో సెన్సార్ షార్ట్ అయి ఉండొచ్చు. తర్వాత ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కొలిస్తే ఇంచుమించు సున్నా రావాలి. మునిగిన బళ్లలో తప్పు ఎక్కువగా బయటపడేది ఈ రెండు మెట్ల దగ్గరే. చిలుము గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కప్లర్ గట్టిగా నొక్కితే అక్కడితో పని తీరిపోవచ్చు.

అప్పటికీ తేలకపోతే సిగ్నల్ వైరు (వోల్టేజీ వెనక్కి వెళ్లే ఆ మూడో వైరు) చూడాలి. ఎక్స్‌లేటర్‌ను చాలా నెమ్మదిగా తిప్పుతుంటే వోల్టేజీ ఎక్కడా వెనక్కి పోకుండా పెరగాలి. అంకెల మీటరు సెకనుకు రెండుమూడుసార్లే కొత్త అంకె చూపుతుంది కనుక క్షణకాలపు పతనాన్ని మింగేస్తుంది. పాత ముల్లు మీటరుంటే ముల్లు వణకడం కంటికి కనిపిస్తుంది. దాన్ని అటక మీద పడేసిన మెకానిక్కులు కిందికి దించడం మంచిది. ఎక్స్‌లేటర్ కదపకుండా వైరింగ్‌ను మాత్రం మెల్లగా ఊపి చూడాలి. అప్పుడు ముల్లు వణికితే తప్పు వైరులో ఉంది. తిప్పినప్పుడే, అదీ ఒకే చోట వణికితే పోయింది సెన్సారే.

ఈ ఓపిక ఎందుకంటే, కొన్ని బళ్లలో ఈ సెన్సార్ విడిగా దొరకదు. థ్రాటిల్ బాడీ (గాలి రేకు అమర్చిన గొట్టం) మొత్తం కొనాలి. చిలుము పట్టిన ఒక పిన్నుకు అది చాలా పెద్ద మూల్యం. పైగా పాత వైరింగ్ అలాగే ఉంటే కొత్త బాడీతోనూ లైటు మళ్లీ వెలుగుతుంది.

నిజంగానే మార్చాల్సి వస్తే ఇంకో పని మిగిలే ఉంటుంది. కొత్త సెన్సార్‌లో మూసిన రేకుకు వచ్చే వోల్టేజీ కచ్చితంగా పాతదానంతే ఉండకపోవచ్చు. చాలా మోడళ్లలో ఆ కొత్త సున్నాను స్కానర్‌తోనో, కంపెనీ చెప్పిన వరసలోనో ఈసీయూకి నేర్పాలి. అది చేయకుండా బండి తాళం చేతికిస్తే ఐడిల్ (ఎక్స్‌లేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) నిలకడగా ఉండదు. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతూనే ఉంటుంది.