గోదావరి అడవుల్లో రాతి సిలువలు



పూర్వీకులు ఎలా బతికారో పిల్లలకు చూపించాలని ఏ తల్లిదండ్రులకు ఉండదు? హైదరాబాద్ శిల్పారామంలో పాతకాలపు పల్లె ఇళ్లను, చేతివృత్తుల వారి పనిపాటలను బొమ్మలతో కట్టి చూపించారు. చూడదగిన చోటే. కానీ బస్సు ఖర్చు, బస ఖర్చు పల్లె సంఘాలకు భారమే. ఏటూరునాగారం చుట్టుపక్కల వారికైతే అంత దూరం పోనక్కరలేదు. సుమారు 3,000 ఏళ్ల నాటి మనుషుల చేతిపని ఈ అడవి అంచునే నిలిచి ఉంది. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని దామెరవాయిలో ఉన్న రాతి సమాధులవి. సండేస్కూలు పిల్లలతో, కొందరు పెద్దలతో కలిసి మేము వాటిని చూసి వచ్చాము.

దారి పొడవునా ఏటూరునాగారం అభయారణ్యమే. సుమారు 800 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. టేకు, ఇప్ప, తునికి చెట్లు, మధ్యలో దయ్యాల వాగు. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి అడవిలో వేలాది మహావృక్షాలు ఒక్క పూటలో కూలిపోయాయి. అదే ఏడాది డిసెంబరు 4న భూకంపం కూడా వచ్చింది. గడ్డి వంటివాడు మనిషి అని లేఖనం చెప్పే మాట ఇలాంటి చోట బాగా అర్థమవుతుంది.

ఈ సమాధులను జనం రాక్షస గుళ్లు అంటారు. ఇంతింత బండలను మామూలు మనుషులు ఎత్తలేరని, రాక్షసులే కట్టారని పాతకాలం వారి నమ్మకం. ఇసుకరాతి పలకలను నిలువుగా పాతి, గదిలా చేసి, పైన ఒక పెద్ద బండను కప్పుగా వేశారు. కొన్నింటి లోపల రాతిని తొలిచి చేసిన తొట్టిలాంటి శవపేటికలు ఉన్నాయి. ఇనుము వాడకం నేర్చిన కాలపు ప్రజలు తమ చనిపోయిన వారి కోసం కట్టిన ఇళ్లివి. ఆ ఆచారం బలపడిన రోజుల్లోనే అక్కడ యెరూషలేములో దావీదు, సొలొమోను రాజ్యమేలారు. పిల్లలకు ఈ లెక్క చెప్పగానే కళ్లు పెద్దవి చేసుకుని చూశారు.

ఇక అసలు సంగతి. మాతో వచ్చిన ఒక యౌవనస్థుడు ఇలా అన్నాడు: "అయ్యగారూ, గోదావరి ఒడ్డున ఇలాంటి సమాధుల దగ్గరే రాతి సిలువలు ఉన్నాయట. అంటే వెయ్యేళ్ల కిందటే ఇక్కడ క్రైస్తవులు ఉన్నట్టే కదా! మన సభల కరపత్రంలో వేద్దాం."

ఆ మాట ఇతడు పుట్టించినది కాదు. నిజాం రాజ్యంలో సర్వే చేసిన మల్హెరన్ అనే దొర 1868లో ఈ సిలువ ఆకారపు రాళ్ల గురించి రాశాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడు తన గ్రంథంలో వాటిని ప్రస్తావించి, ఇవి క్రైస్తవుల గుర్తులేనని వాదించాడు. మన చెవికి ఇంపైన మాటే. అయితే నిజమా?

తరువాతి పరిశోధకులు ఈ అడవుల్లో మరిన్ని రాళ్లను చూశారు. కొన్ని సిలువలా కనిపిస్తే, మరికొన్నింటికి తల, భుజాలు స్పష్టంగా ఉన్నాయి. స్త్రీ రూపాలు కూడా దొరికాయి. కనుక ఇవి చేతులు చాచిన మనిషి బొమ్మలని, చనిపోయిన వారి జ్ఞాపకార్థం నిలిపినవని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తొలి శతాబ్దాల క్రైస్తవులు సమాధుల మీద ఎక్కువగా చేప, లంగరు, మంచి కాపరి బొమ్మలు వేసుకొనేవారు. సిలువ గుర్తు విరివిగా వాడుకలోకి వచ్చింది నాలుగో శతాబ్దం నుండే.

ఇదంతా వివరించాక ఆ యౌవనస్థుడు చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు మాతో ఉన్న ఒక కోయ విశ్వాసురాలు, ముసలమ్మ, నెమ్మదిగా అంది: "మా పెద్దోళ్ల సమాధులేమో తమ్ముడూ. వాళ్ల సమాధి మీద మన పేరు రాసుకుంటే వాళ్లకేం మిగులుద్ది?"

ప్రియులారా, ఆ తల్లి మాటలో తొమ్మిదవ ఆజ్ఞ అంతా ఉంది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ప్రభువు, చనిపోయిన పొరుగువానిని మినహాయించలేదు. సత్యమైన దేవునికి అబద్ధపు రుజువు అక్కరలేదు. పైగా రేపు ఎవరైనా ఆ కరపత్రం తప్పని చూపిస్తే, దానితోపాటు మనం ప్రకటించే సువార్తను కూడా అనుమానిస్తారు.

కోయ ప్రజల దగ్గరికి సువార్త వచ్చిన నిజమైన చరిత్ర మనకు ఉండనే ఉంది. గోదావరి పనుల్లో ఇంజనీరుగా ఉన్న హేగ్ దొర చొరవతో 1860ల తొలినాళ్లలో దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ పని మొదలైంది. తరువాత జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడ ఏళ్ల తరబడి ఉండి కోయ భాష నేర్చుకుని సేవ చేశాడు. పిల్లలకు ఈ చరిత్ర చెబుదాం.

అలాగని ఈ రాళ్లు మనకు పరాయివి కావు. రాహేలు సమాధి మీద యాకోబు స్తంభం నిలిపాడు (ఆది. 35:20). చనిపోయిన తనవారి కోసం యాకోబు పడిన దుఃఖం, ఆశ ఈ అడవి మనుషులకు కూడా ఉన్నాయి. ఆ ఆశకు జవాబు, రాయి దొర్లింపబడిన ఒక ఖాళీ సమాధి దగ్గర దొరికింది. అది చెప్పడమే మన పని.

చివరగా కొన్ని సూచనలు. అడవిలోకి వెళ్లేముందు అటవీశాఖ వారిని అడగండి. నీళ్లు, గట్టి చెప్పులు ఉండాలి. బండల మీదికి పిల్లలను ఎక్కనివ్వకండి, పేర్లు చెక్కనివ్వకండి. నిధులున్నాయన్న ఆశతో సమాధులను తవ్వేవారు ఉంటారు. మన సంఘస్థులెవరూ అందులో చేయి పెట్టకూడదు, కళ్లబడితే అధికారులకు తెలపాలి. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. మన ఇంటి పక్కనున్న రాళ్లకు ఆ గౌరవం ముందుగా మన చేతుల నుండే దక్కాలి. తాడ్వాయి నుండి 14 కిలోమీటర్లు వెళితే మేడారంలో కోయల జీవితాన్ని తెలిపే మ్యూజియం కూడా చూడవచ్చు.

సత్యమందు నడుచుటకు ప్రభువు మనందరికీ కృప దయచేయును గాక. ఆమేన్.