చిత్తూరు నాగయ్య
చిత్తూరు వి.నాగయ్య (1904 మార్చి 28 - 1973 డిసెంబరు 30) తొలితరం తెలుగు సినిమా గాయకనటుడు, సంగీత దర్శకుడు, నిర్మాత. చిత్తూరు రామవిలాస సభ నాటకాలలో పాడి పేరు పొందడంతో ఆ ఊరే ఇంటిపేరయింది. 1938లో గృహలక్ష్మితో సినీరంగ ప్రవేశం చేశాడు. నేపథ్యగానం ఇంకా స్థిరపడని ఆ రోజుల్లో నటుడు తన పాట తానే పాడుకోవాలి. నాగయ్యకు అదే పెద్ద బలమైంది. వందేమాతరం (1939), దేవత (1941) చిత్రాలకు సంగీతం కూడా ఆయనదే.

పోతన (1942) విజయం తరువాత రేణుకా ఫిలింస్ పతాకంపై త్యాగయ్య (1946) నిర్మించాడు. దర్శకత్వం, సంగీతం, ప్రధాన పాత్ర, గానం అన్నీ తానే నిర్వహించిన ఈ చిత్రం ఆయన కీర్తికి శిఖరం. అయితే నిర్మాతకు కావలసిన లెక్కల జాగ్రత్త ఆయనకు లేదు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చాడు. సొంత చిత్రాలపై ఉన్నది పోగొట్టుకున్నాడు. ఆర్థిక ఇబ్బందుల నడుమ భక్త రామదాసు (1964) పూర్తిచేశాడు. 1965లో పద్మశ్రీ లభించింది. ఒకప్పటి కథానాయకుడు చివరి సంవత్సరాలలో జీవనోపాధికై చిన్న పాత్రలు వేయవలసివచ్చింది.