ఒక పోటు, ఒక పాటు చూసి రండి

మారేడుపల్లిలో మా వీధివాళ్లు సెలవులకి అడవి అనగానే కవ్వాల్ అనో అమ్రాబాద్ అనో అంటారు. పులి కనిపిస్తుందా అన్నది మొదటి ప్రశ్న. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన నన్ను అడిగితే మాత్రం, రాత్రికి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కమంటాను. ఉదయానికి కాకినాడలో దిగి యానాం రోడ్డు పట్టుకుంటే చొల్లంగి దగ్గరే కోరింగ అభయారణ్యం. మనం ఎక్కిన రైలుకు పేరిచ్చిన గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోట పెరిగిన మడ అడవి అది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద ఎంత గీసినా పిల్లలకు అందనిది ఇక్కడ ఒక్క ఆకుతో అందుతుంది. తెల్ల మడ ఆకును నాలుకకు తాకించి చూడమంటాను. ఉప్పగా ఉంటుంది. వేళ్లు పీల్చిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లను పైకి నిలబెట్టి ఊపిరి తీసుకుంటుంది. ఉప్పుపొన్న చెట్టు ఇంకో పని చేస్తుంది. గింజ కింద పడితే అలలు ఎత్తుకుపోతాయి గనక దాన్ని కొమ్మనే మొలకెత్తించి, పొడవాటి మొలకగా బురదలోకి వదులుతుంది. కానీ కనిపించిన ఆకునల్లా పిల్లలు తుంచకూడదు. ఆ పక్కనే తిల్ల ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. తెలిసినవాళ్లు చూపించిన చెట్టునే ముట్టుకోవాలి.

ఒకసారి మా కాలనీ పిల్లలతో వెళ్లినప్పుడు పడవ కదలలేదు. సరంగు చెప్పాడు: "ఇప్పుడు పాటు మీదుందండి అమ్మగారూ. నావ బురదలో కూచుండిపోద్ది. పోటు తిరిగాక ఎల్దామండి."

"ఎంతసేపు పడుతుంది బాబూ?"

"రెండు గంటలండి. ఈలోగా ఆ చెక్క వంతెన మీద నడిచి రండి. బురద మీద బోల్డు తిరుగుతుంటాయండి."

అతను చెప్పినట్టే తిరుగుతున్నాయి. ఒంటికి మించిన డెక్కను ఊపుతూ ఎర్ర పీతలు, నీళ్లు వదిలి బురద మీద గెంతే చేపలు, వాటికోసం కదలకుండా కాచుకున్న కొంగలు. పోటు వచ్చేసరికి బురదంతా మునిగింది. మేం వంగి చూసిన కన్నాల మీదుగానే పడవ వెళ్లింది. బంగాళాఖాతం ఇక్కడ రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తగ్గుతుంది. ఒక్కో మార్పుకు ఆరు గంటల పైమాట. ఏ రోజు వేళ ఆ రోజుది. నిన్నటికంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మన ఊరివాళ్లు ఎక్కువమంది మిట్టమధ్యాహ్నం వచ్చి, గంటసేపు పడవెక్కి, ఫొటోలు దిగి, ఏమీ కనబడలేదని వెళ్లిపోతారు. ఆ గంటలో కనబడదు మరి.

చేపలు పట్టి తినే నీటిపిల్లి ఇక్కడి గొప్ప నివాసి. ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది గనక దాని పాదముద్ర దొరికినా అదృష్టమే. నీటికుక్కలు కాలవ గట్ల మీద గుంపుగా కనిపిస్తాయి. శీతాకాలంలో కాకినాడ తీరపు బురద మేటల మీదికి ఇండియన్ స్కిమ్మర్లు దిగుతాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవు. ఆ ముక్కును నీళ్లలో దూసుకుంటూ ఎగురుతుంటే పిల్లలు మాట్లాడటం మానేసి చూస్తారు.

జనవరి నుంచి మార్చి దాకా కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ మీద, ఈ తీరపు ఇసుకల మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొచ్చి, సముద్రం మీది వెలుతురును బట్టి నీటివైపు నడుస్తాయి. అందుకే అక్కడ టార్చి వేయడం, ఫ్లాష్ కొట్టడం వాటికి దారి తప్పించడమే. అదే రోజుల్లో ట్రాలర్ వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తాబేలు తప్పించుకుపోయే పరికరాన్ని వలకు అమర్చే వీలుంది. అది ప్రతి వలకూ ఉండి తీరాలి.

ఈ అడవి విలువ ఒడ్డునున్న ఊళ్లకు బాగా తెలుసు. వాటిలో కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు. ఓడలు కట్టేవారు, రంగూన్‌కు జనం వెళ్లేవారు. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1789 డిసెంబరు ఉప్పెనలో అక్కడ 20 వేలమంది పోయారని అంచనా. 1839 తుపాను తర్వాత ఆ రేవు మళ్లీ లేవలేదు. ఇవాళ అలల ఉరవడిని ముందుగా హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె, దాని వెనక మడ చెట్లు కొంత విరుస్తాయి. అలాంటి చెట్లను ఈ తీరంలో రొయ్యల చెరువుల కోసం నరికారు. ఎండి ఉప్పుతేలిన నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీటిని లోపలికి రప్పించి, అడవిని తిరిగి పెంచిన పని కూడా ఇక్కడే జరిగింది. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి చేశారు. పర్యాటకం వల్ల ఆ ఊరివాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తేనే చెట్టు నిలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వెళ్లండి. టికెట్టు తీసేముందు కాకినాడ పోటు వేళలు చూసుకోండి. హోప్ ఐలాండ్‌కు పడవలు నడుస్తున్నాయో లేదో ముందే కనుక్కోండి. పాటలు పెట్టొద్దని సరంగుకు చెప్పండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సంచిని తిరిగి సికింద్రాబాద్ తెచ్చేయండి. పిల్లలకు ఒక పోటు, ఒక పాటు పూర్తిగా చూపించాకే తిరుగు రైలెక్కండి.