గొంతులో క్రిమి, తలలో గందరగోళం!

మీకు తెలుసా? గొంతులో దూరిన క్రిమి పిల్లల చేతులూ కాళ్లూ ఆడించగలదు! స్ట్రెప్టోకాకస్ (స్ట్రెప్) అనే క్రిమి తెచ్చే గొంతు నొప్పి తగ్గిన కొన్ని వారాలకో నెలలకో కొందరికి ఒళ్లు దానంతటదే మెలికలు తిరుగుతుంది. దీని పేరు సిడెన్‌హామ్ కొరియా. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ 1686లోనే దీన్ని వర్ణించాడు. రోగాలకు క్రిములు కారణమని తేలడానికి ఇంకా దాదాపు రెండు వందల ఏళ్లుంది. ఔరా!

నిద్రపట్టగానే ఆ ఆట ఏమవుతుందో తెలుసా? మాయం!

డాక్టరు వేళ్లు పట్టుకోమంటే పట్టు బిగుస్తుంది, సడలుతుంది, మళ్లీ బిగుస్తుంది. వైద్యులు దీన్ని ‘పాలు పితికే పట్టు’ అంటారు. నిజంగానే!

ఇంతకీ నేరం ఎవరిది? మన యాంటీబాడీలదే! దొంగ పోలికలున్నాయని ఇంటివాణ్నే పట్టుకున్నట్టు, క్రిమిని వదిలి మెదడు కణాల మీద పడతాయి. అవి తాకేది మెదడులో బేసల్ గాంగ్లియా అనే భాగాన్ని. కదలికకూ ఏకాగ్రతకూ అక్కడ పెద్ద పనే ఉంది.

ప్రఖ్యాత చిత్రకారుడు ఆండీ వార్హోల్‌కి చిన్నప్పుడు ఈ జబ్బే వచ్చిందని తెలుసా? మంచాన పడి బొమ్మలు గీసుకున్నాడు!

1998లో అమెరికాలో సూసన్ స్వీడో బృందం 50 మంది పిల్లల కథ బయటపెట్టింది. స్ట్రెప్ సోకాక ఉన్నట్టుండి కళ్లు చికిలించడం, వదలని భయాలు, కుదురులేనితనం. ఆ జబ్బుకు పెట్టిన పొట్టి పేరు ‘పాండాస్’. పేరు ముద్దుగా ఉంది, వాదన మాత్రం డాక్టర్ల మధ్య నేటికీ తెగలేదు!

డెన్మార్క్‌లో ఎంతమంది పిల్లల రికార్డులు తిరగేశారో చెప్పుకోండి? 10 లక్షలకు పైనే! 2017లో ఫలితం వచ్చింది: స్ట్రెప్ తేలినవారిలో ఓసీడీ (వదలని ఆలోచనలు, చేసిందే చేయడం) ముప్పు 51 శాతం ఎక్కువ. వేరే గొంతు ఇన్‌ఫెక్షన్లతోనూ ముప్పు పెరిగింది, కాస్త తక్కువగా. అలాగని అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ గొంతు పరీక్ష చేయించకండి. కుదురూ ఏకాగ్రతా నిలవని సమస్య ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యానిదే పెద్ద వాటా.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఏడీహెచ్‌డీ మందుల కథ. అమెరికాలో జార్జ్ బ్రాడ్లీ కూతురికి ఏడేళ్లప్పుడు మెదడువాపు వచ్చింది. ఆయన రాసిచ్చిన ఆస్తితో 1931లో పిల్లల ఆసుపత్రి వెలిసింది. 1937లో అక్కడి డాక్టర్ చార్లెస్ బ్రాడ్లీ, వైద్య పరీక్షల తర్వాత పిల్లలకు వచ్చే తలనొప్పికని బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు. చదువు మాత్రం పరుగెత్తింది! ఏడీహెచ్‌డీ మందుల చరిత్ర అక్కడే మొదలైంది. అక్కడి పిల్లలు బెంజిడ్రిన్ మాత్రలకేం పేరు పెట్టారో తెలుసా? ‘లెక్కల మాత్రలు’!