ఏటీవీ ఎక్కుతున్నారా? బోల్తా వెనుక ఉన్న లెక్క ఇదీ!

వికారాబాద్ రిసార్ట్ అయినా, గోవా ట్రిప్ అయినా ఇప్పుడు చాలా ప్యాకేజీల్లో ఏటీవీ రైడ్ ఉంటోంది. నాలుగు లావుపాటి చక్రాలు ఉన్నాయి కదా, బైక్‌లా పడిపోదులే అనుకుని ఎక్కేస్తాం. కానీ వీటితో పెద్ద ప్రమాదం బోల్తానే. పడితే రెండు మూడు వందల కిలోల బండి మన మీదే పడొచ్చు. బీటెక్‌లో నేను బాజా టీంలో ఉన్నాను. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో జరిగే పోటీ కోసం స్టూడెంట్సే ఆఫ్‌రోడ్ బండి తయారు చేస్తారు. స్పీడ్ కంటే ముందు అక్కడ చూసేది రోల్ కేజ్, బెల్టులు, కిల్ స్విచ్‌లే. ఎందుకో ఇక్కడ చూద్దాం.

రెండూ ఒకటి కాదు

ఏటీవీకి బైక్‌లా హ్యాండిల్ ఉంటుంది, సీటు మీద అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చుంటాం. బెల్టు ఉండదు, మన ఒంటి బరువే బ్యాలెన్స్. యూటీవీలో స్టీరింగ్, పక్కపక్క సీట్లు, బెల్టు, పైన రోల్ కేజ్ ఉంటాయి. అందుకే ఏటీవీలో ఒంటిని కదిలించాలి, యూటీవీలో ఒంటిని కేజ్ లోపలే ఉంచాలి. బెల్టు పెట్టుకోకపోతే కేజ్ ఉన్నా లాభం లేదు. బయటికి ఎగిరిపడిన మనిషి మీద ఆ కేజే పడుతుంది.

లెక్క సింపుల్

ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని, బండి గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగించండి. ఆ నంబర్ ఎంత పెద్దదైతే బండి అంత స్థిరం. ఆస్ట్రేలియాలో 2021 అక్టోబర్ 11 నుంచి అమ్మే కొత్త క్వాడ్ బైక్‌లకు ఇది కనీసం 0.55 ఉండాలి. అంటే పక్కకు సుమారు 28.8 డిగ్రీలు వంచినా దొర్లకూడదు. బోల్తా పడినప్పుడు మనిషి నలగకుండా కాపాడే ఫ్రేమ్ కూడా తప్పనిసరి చేశారు.

ఇప్పుడు 0.55 ఉన్న బండిని 8 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో తిప్పుదాం. గంటకు 20 కి.మీ. వేగంలో బండిని పక్కకు నెట్టే బలం దాని బరువులో 0.39 వంతు. పర్లేదు. 25 కి.మీ.లో 0.61. లిమిట్ దాటేసింది! 30 కి.మీ.లో ఏకంగా 0.88. వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఐదు కిలోమీటర్ల తేడాకే కథ మారిపోతుంది. సస్పెన్షన్, టైర్లు నొక్కుకుపోవడం వల్ల అసలు లిమిట్ ఇంకా తక్కువే ఉంటుంది.

తారు రోడ్డు ఎందుకు డేంజర్?

మట్టిలో అయితే టైరు జారి ఆ బలం కొంత తగ్గుతుంది. తారు మీద గ్రిప్ ఎక్కువ, టైరు జారదు. బండే లేస్తుంది. పైగా ఈ టైర్లలో గాలి చాలా తక్కువ ఉంటుంది, రోడ్డు మీద హ్యాండ్లింగ్ అంచనాకు అందదు.

నడిపేటప్పుడు

- ఒక్కరి కోసం చేసిన ఏటీవీ మీద ఇద్దరు ఎక్కొద్దు. వెనుక ఫ్రెండ్ కూర్చుంటే గురుత్వ కేంద్రం పైకి, వెనక్కి జరుగుతుంది. మీరు కదలడానికి చోటుండదు.
- మలుపులో లోపలి వైపు వంగండి. ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి. వాలుకు అడ్డంగా వెళ్లకపోవడమే మంచిది.
- దిగేటప్పుడు లో గేర్‌లో ఉంచండి, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది.
- యూటీవీ ఒరుగుతుంటే చెయ్యో కాలో బయటపెట్టి ఆపాలనిపిస్తుంది. అస్సలు వద్దు. బాజాలో డ్రైవర్ చేతులకు పట్టీలు కట్టేది ఇందుకే.
- హెల్మెట్, బూట్లు, ఫుల్ ప్యాంట్ ఉండాల్సిందే. కిల్ స్విచ్‌కు తాడు ఉంటే మణికట్టుకు తగిలించుకోండి. పడగానే ఇంజిన్ ఆగుతుంది.
- 16 ఏళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్ల సైజు ఏటీవీ ఇవ్వొద్దు.

ఫోన్ ఏం చేస్తుంది?

ఫోన్‌లో లెవెల్ యాప్ వాలు ఎంతుందో చెబుతుంది, బండి ఆపి కొలిచి చూడండి. రైడ్‌కి ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, అడవిలో నెట్‌వర్క్ మీద నమ్మకం పెట్టుకోలేం. క్రాష్ డిటెక్షన్ ఉంది కదా అనే ధీమా వద్దు, ఐఫోన్‌లో ఆ ఫీచర్ చేసింది కార్ల ప్రమాదాల కోసం. సెల్ఫీ స్టిక్ మాత్రం బ్యాగులోనే ఉండనివ్వండి. హ్యాండిల్‌కి రెండు చేతులూ కావాలి.

రిసార్ట్‌లో బండి ఎక్కే ముందు మూడే అడగండి: సరిపోయే హెల్మెట్ ఉందా? బ్రేక్, కిల్ స్విచ్ పనిచేస్తున్నాయా, ఒకసారి చూపిస్తారా? ఇది ఎంతమంది కోసం చేసిన బండి? "ఏం కాదులే సార్, ఎక్కండి" అనే సమాధానం వస్తే డబ్బులు కట్టకుండా వచ్చేయండి. అక్కడ టీ తాగి వచ్చినా ట్రిప్ బాగానే ఉంటుంది.